అప్పు కంటె ముందు పద్దు

ఉగాదినాడు పంచాంగ శ్రవణము జరుగునప్పుడు తన రాశికి ఈ యేడు ఆదాయమెంత, వ్యయమెంత అని ప్రతివారును చెవియొగ్గి విందురు. ఆదాయము హెచ్చుగా నున్నచో సంతసింతురు. వ్యయము హెచ్చుగా నున్నచో దిగులుపడుదురు. కాని గడచిన సంవత్సరమున తన యింటికి వచ్చినదెంత, పోయినదెంత అని అడిగినచో కాగితము చూచి చెప్పగలవారు ఏ ఊరిలోనైనను కొలదిమందియే యుందురు. తక్కినవారిది నోటిలెక్క. రెండెకరముల సేద్యము, ఇంటి వాడుకకు ఒక గేదె ఉన్నంతకాలము నోటిలెక్కతో ఎట్లో గడచిపోవును. నేడు పరిస్థితి అట్లు లేదు. ఒకరు పది గేదెలతో పాడి పెట్టుచున్నారు. ఒకరు కోళ్ళ షెడ్డు వేయుచున్నారు. ఒకరు కూరగాయల నారు పెంచి అమ్ముచున్నారు. కొన్ని ఊళ్ళ రైతులు కలిసి తమ పంటను తామే అమ్ముకొనుటకు కంపెనీలు స్థాపించుకొనుచున్నారు. ఇవి అన్నియు వ్యాపారములే. వ్యాపారము పెరిగినకొలదియు నోటిలెక్క చాలదు.

మేము చెప్పదలచినది ఒక్కటే. పెరుగదలచిన రైతు అప్పునకు పోకముందే పద్దు వ్రాయుట మొదలుపెట్టవలెను. అప్పు ఇచ్చువారును, సబ్సిడీకి సిఫారసు చేయువారును మొట్టమొదట ఆ పద్దు పుస్తకమునే అడుగవలెను. తరచుగా జరుగుచున్నది దీనికి తలక్రిందులు. మొదట అప్పు, పిమ్మట పశువులు, ఆపైన షెడ్డు. లెక్క మాత్రము కిస్తీ తప్పిన నాటికి గాని గుర్తుకు రాదు. అప్పటికి ఇల్లాలి మెడలోని బంగారము తాకట్టుకు పోయియుండును.

అమ్మకము వేరు, లాభము వేరు, చేతి నగదు వేరు

ఒక ఉదాహరణ తీసికొందము. ఇందలి ధరలు లెక్క కొరకు ఊహించినవి. ప్రతివారును తమ ప్రాంతపు ధరలు వేసి చూచుకొనవలెను.

ఒక కుటుంబము గేదె 1,00,000 రూపాయల చొప్పున పది ముర్రా గేదెలను కొని, 2,00,000 రూపాయలతో కొట్టము వేసినది. మొత్తము 12 లక్షలు. ఇందులో 9 లక్షలు బ్యాంకు అప్పు. వడ్డీ నూటికి 12, గడువు 5 సంవత్సరములు. నెల కిస్తీ సుమారు 20,000 రూపాయలు.

పదింటిలో ఏడు పాలమీద నున్నవనుకొందము. ఒక్కొక్కటి 8 లీటర్ల చొప్పున రోజుకు 56 లీటర్లు. లీటరు 60 రూపాయలు. నెలకు వచ్చునది 1,00,800 రూపాయలు. నెలకు లక్ష అనగానే ఊరంతయు మెచ్చుకొనును. ఇక ఖర్చు చూడుడు. పాలిచ్చు గేదెకు రోజుకు 5 కిలోలు, వట్టిపోయిన దానికి 2 కిలోలు, కిలో 28 రూపాయల చొప్పున దాణాకు నెలకు 34,440. పచ్చిమేత, ఎండుమేతలకు గేదెకు రోజుకు 80 రూపాయల చొప్పున 24,000. జీతగానికి 12,000. మందులు, కరెంటు, బీమా మొదలగువానికి 5,360. వెరసి 75,800 రూపాయలు. మిగిలినది 25,000. కిస్తీ 20,000 కట్టగా చేతిలో నిలుచునది 5,000 రూపాయలు.

ఇది నగదు లెక్క. లాభపు లెక్క వేరు. కిస్తీలో మొదటి నెల వడ్డీ 9,000 మాత్రమే, తక్కినది అసలు. అసలు చెల్లించుట ఖర్చు కాదు, అప్పు తీరుట. కాని పశువునకు వయసు మీరుచుండును. లక్షకు కొన్న గేదెను ఆరేండ్ల తరువాత 40,000 రూపాయలకు అమ్మవలసి వచ్చినచో, ఏడాదికి 10,000 వంతున దాని విలువ తరుగుచున్నట్లే. పది గేదెలకు ఏడాదికి లక్ష. కొట్టము 20 ఏండ్లు నిలుచుననుకొన్నచో దాని తరుగు ఏడాదికి 10,000. రెండును కలిపి నెలకు సుమారు 9,170 రూపాయలు. 25,000లో వడ్డీయు తరుగును తీసివేయగా మిగులునది 6,830 రూపాయలు.

ఇంతవరకు ఆ భార్యాభర్తల కష్టమునకు ఏమియు కట్టలేదు. ఇద్దరును తెల్లవారుజామున లేచి, ప్రొద్దున సగము, సాయంత్రము సగము కొట్టములోనే గడపుదురు. పూటకూలి తలకు 250 రూపాయల చొప్పున లెక్కించినను నెలకు 15,000 అగును. వారికి దక్కినది 6,830. అనగా ఇద్దరికి కలిపి రోజుకు 500 రూపాయలు రావలసిన చోట 228 వచ్చినవి. లక్ష రూపాయల అమ్మకము వెనుక నిలిచియున్న నిజము ఇది. దీనిని ఎవ్వరును దాచలేదు. వ్రాయకపోవుటచే కనబడలేదు, అంతియే.

సొంత కష్టమును లెక్కించుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని ప్రభుత్వమునకు మద్దతు ధరలను సిఫారసు చేయు వ్యవసాయ వ్యయ, ధరల సంఘము కూడ ఇట్లే లెక్కించుచున్నది. 1965లో వేరొక పేరుతో ఏర్పడిన ఈ సంఘము రైతు చేతినుండి వెడలిన ఖర్చును ఒక మెట్టుగను, దానికి ఇంటివారి శ్రమను చేర్చి రెండవ మెట్టుగను, సొంత భూమికి కౌలును, సొంత పెట్టుబడికి వడ్డీని కూడ చేర్చి మూడవ మెట్టుగను చూపును. దేశమంతటికి వేయు లెక్కను రైతు తన యింటికి వేసికొనుటలో తప్పులేదు.

బాకీ అమ్మకము

పట్టణములోని హోటలువారు లీటరుకు 66 రూపాయలు ఇత్తుమనిరి; డబ్బు మాత్రము రెండు నెలలకు. రోజుకు 20 లీటర్లు అచ్చట పోసినచో నెలకు 3,600 అదనము. వినుటకు బాగున్నది. కాని ఆ 20 లీటర్లను పాలకేంద్రమునకే పోసియున్నచో రెండు నెలలలో 72,000 రూపాయలు చేతికి వచ్చియుండును. ఇప్పుడు ఆ మొత్తము హోటలు దగ్గర నిలిచిపోయినది. నెలకు 5,000 మాత్రమే మిగులు కుటుంబము దాణా కొనుటకు ఆ 72,000 ఎక్కడనుండి తెచ్చును? ఊరిలో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో నెలకు 1,440 పోవును. నికరముగ దక్కునది 2,160.

లాభమే కదా యనవచ్చును. నిజమే, హోటలు నడుచుచున్నంత కాలము. అది ఒకమారు మూతపడినచో పోవునది 72,000. అనగా 33 నెలల అదనపు లాభము ఒక్కనాటితో సరి. కనుక బాకీ అమ్మకము చేయనేకూడదని మేము చెప్పుట లేదు. ఎవరికి ఎంతవరకు బాకీ పెట్టవచ్చునో ముందుగా గీటు గీసికొని, ఆ గీటును పుస్తకములో వ్రాసికొని, అది దాటిననాడు పాలు ఆపవలెను. ఆ హద్దు నోటిమాటగా నున్నచో మొగమాటము గెలుచును.

చిక్కు నెలలు

ఏడాది పొడుగునను ఏడు గేదెలు పాలమీద నుండవు. వేసవిలో ఐదే పాలిచ్చినవనుకొందము. నెలకు వచ్చునది 72,000. దాణా కొంత తగ్గినను ఖర్చు 70,760. మిగులు 1,240, కిస్తీ 20,000. నెలకు 18,760 చొప్పున మూడు నెలలకు సుమారు 56,000 రూపాయల లోటు. మంచి నెలలలో మిగిలిన 5,000లను ఇంటిఖర్చులో కలిపివేసినవారికి ఈ లోటు పిడుగువలె తగులును. పన్నెండు నెలలకు పన్నెండు వరుసలు గీసి, ఏ నెల ఎంత రాగలదో, ఎంత పోవలసియున్నదో అప్పు తీసికొనక పూర్వమే వ్రాసికొన్నవారికి ఈ సంగతి ఒక యేడాది ముందుగనే తెలిసియుండును. వారు పది గేదెలను ఒకేమారు కొనరు. ఐదింటిని ఇప్పుడు, ఐదింటిని ఆరు నెలల తరువాత కొందురు. ఒక జట్టు వట్టిపోవునప్పటికి రెండవ జట్టు పాలమీద నుండును. ఏ సబ్సిడీయు ఈయలేని సహాయమును ఆ కాగితము చేయును.

వేళకు కట్టుటయు లెక్కలోని సంగతియే. మూడు లక్షలవరకు స్వల్పకాలిక పంట ఋణముపై వడ్డీ నూటికి 7. గడువులోగా తీర్చినవారికి అందులో 3 తగ్గి 4 మాత్రమే పడును. ఈ పద్ధతి 2025-26 సంవత్సరమునకును కొనసాగింపబడినది. అనగా మూడు లక్షల అప్పుపై తేదీ మరచినందుకు ఏడాదికి 9,000 రూపాయల వరకు చేజారును. 1998లో వచ్చిన కిసాన్ క్రెడిట్ కార్డును 2018-19లో పాడికిని, చేపల పెంపకమునకును విస్తరింపజేసిరి. తేదీలు వ్రాసికొనువారికే ఇట్టి సౌకర్యముల ఫలము పూర్తిగా దక్కును.

నాలుగు పుస్తకములు చాలును

ఇందుకు పెద్ద చదువు అక్కరలేదు. నాలుగు పుస్తకములు చాలును. మొదటిది కిర్ది: ఏనాటి జమ, ఏనాటి ఖర్చు ఆనాడే వ్రాసి, రాత్రికి చేతిలోని నగదుతో సరిచూచుకొనుట. రెండవది ఆవర్జా: దాణా, మేత, జీతము, మందులు, వడ్డీ అని పేరుపేరున పద్దులు విడదీసి నెలకొకమారు మొత్తము వేయుట. మూడవది బాకీల పుస్తకము: మనకు రావలసినవి ఒక ప్రక్క, మనము ఈయవలసినవి ఒక ప్రక్క, గడువు తేదీతో సహా. నాలుగవది పాల పుస్తకము: ఏ గేదె ఏ పూట ఎన్ని లీటర్లు ఇచ్చినది, ఎప్పుడు కట్టినది, ఎప్పుడు ఈనినది.

ఈ నాలుగవ పుస్తకమే అన్నిటికంటె త్వరగా డబ్బు తెచ్చును. అన్ని గేదెలకు సమముగా 5 కిలోల దాణా పెట్టుచున్నచో, 4 లీటర్ల గేదె రోజుకు 240 రూపాయలు తెచ్చి, దాణామేతలకే 220 తినును. దానికి మిగులునది 20 రూపాయలు. జీతగాని కూలియు, మందులును అందులోనుండియే రావలెను. పదింటి పాలు ఒకే క్యానులో పోసినంతకాలము ఆ గేదె ఏదియో తెలియదు. తెలిసిననాడు దాణాను పాలకు తగినట్లు సర్దవచ్చును, లేదా దానిని మార్చవచ్చును. మేత పద్దును చూచినప్పుడు సొంత పొలములో పశుగ్రాసము పెంచవలెనన్న ఆలోచన కలుగును. గేదెకు రోజుకు 80కి బదులు 60 పడినచో నెలకు 6,000 మిగులును. పైన చెప్పిన కుటుంబమునకు దక్కుచున్న 6,830 దాదాపు రెట్టింపగును. పద్దు పాడిని మానుమని చెప్పదు. దానిని ఎట్లు నిలబెట్టుకొనవలెనో చూపును.

వీనితోపాటు ఒక నియమము ముఖ్యము: ఇంటి సంచి వేరు, వ్యాపారపు సంచి వేరు. బ్యాంకులో రెండు ఖాతాలు తెరువుడు. ఇంటికి నెలకు ఇంత అని నిర్ణయించి, దానినే వ్యాపారపు ఖాతానుండి తీసికొనుడు. పెండ్లికి, చదువునకు, వైద్యమునకు తీసినచో అదియు పద్దుగా పడవలెను. తీయవద్దని యెవ్వరు చెప్పగలరు? కాని తీసినది తెలియవలెను. ఇంకొక మాట. చాల యిండ్లలో పాలు పితికి, పోసి, చీటి తెచ్చునది ఇల్లాలు. సంతకము, ఖాతా మాత్రము ఇంటాయనవి. పొదుపు సంఘములలో పుస్తకములు వ్రాసి అలవాటుపడిన సోదరీమణులు మన ఊళ్ళలో ఎందరో కలరు. పాడి పద్దును వారి చేతికే అప్పగించుట మేలు.

సంఘములకు మరింత అవసరము

ఒక కుటుంబపు లెక్క తప్పినచో ఒక కుటుంబమే నష్టపోవును. సంఘపు లెక్క తప్పినచో వందలమంది నష్టపోవుదురు. 2002లో కంపెనీల చట్టమును సవరించి, పదిమంది ఉత్పత్తిదారులు చేరి తమ కంపెనీని నెలకొల్పుకొను వీలు కల్పించిరి. 2020 ఫిబ్రవరిలో పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘముల పథకము ఆరంభమైనది. ఇందులో ఒక్కొక్క సంఘమునకు నిర్వహణ ఖర్చులకు మూడేండ్లలో 18 లక్షలవరకు సహాయము. సభ్యుల వాటాధనమునకు సమానముగ, సభ్యునికి 2,000 రూపాయలకు మించకుండ, సంఘమునకు 15 లక్షలవరకు గ్రాంటు కలదు.

మూడేండ్ల తరువాత ఏమి? ఏడాదికి 6 లక్షల నిర్వహణ ఖర్చును సంఘమే తెచ్చుకొనవలెను. పంట కొని అమ్ముటలో నూటికి 2 రూపాయలు మిగిలినచో, 6 లక్షలు రావలెనన్న ఏడాదికి 3 కోట్ల వ్యాపారము జరుగవలెను. కొన్నవారు నెల ఆగి డబ్బు ఇచ్చినచో ఎప్పుడును సుమారు 25 లక్షలు బయటనే యుండును. ఐదువందల మంది సభ్యులు 2,000 చొప్పున వేసిన 10 లక్షలు, గ్రాంటు 10 లక్షలు కలిపినను 20 లక్షలే. తక్కిన 5 లక్షలు ఎచ్చటనుండి వచ్చును? ఈ ప్రశ్నను మొదటి సర్వసభ్య సమావేశములోనే అడిగిన సంఘము తెలివిగల సంఘము. మూడవ యేటి చివర అడిగినచో జవాబు దొరకదు.

కంపెనీ అన్న తరువాత ఏటేట ఆడిటు చేయించి లెక్కలు దాఖలు చేయవలెను. ఆలస్యమైన ఒక్కొక్క పత్రమునకు రోజుకు 100 రూపాయల అదనపు రుసుము పడును. వరుసగా మూడేండ్లు దాఖలు చేయనిచో డైరెక్టర్లు అనర్హులగుదురు. ఊరికి మేలు చేయుదమని ముందుకు వచ్చిన పెద్దమనుషులు, గుమాస్తా నిర్లక్ష్యముచే ఇట్టి స్థితికి రాకూడదు.

చరిత్రయు ఇదే చెప్పుచున్నది. దేశములో సహకార పరపతి సంఘముల చట్టము 1904లో వచ్చినది. అర్ధశతాబ్దము గడచిన పిమ్మట, 1954లో వెలువడిన అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే, రైతుల అప్పులో సహకార సంఘములనుండి లభించినది నూటికి సుమారు 3 వంతులే యని తేల్చినది. చట్టము ఉన్నంత మాత్రమున సంఘము నిలువదని దీనివలన తెలియుచున్నది. అదే దశకములో, 1956లో, నేటి హనుమకొండ జిల్లాలోని ముల్కనూరులో రైతులు స్థాపించుకొన్న సహకార గ్రామీణ బ్యాంకు, విక్రయ సంఘము నేటికిని నడుచుచు దేశమంతట పేరు గడించినది. అప్పిచ్చుట, పంట కొనుట, అమ్ముట ఒకే గూటిలో జరుగు చోట ఎవరి పద్దు వారికి తేటతెల్లముగా కనబడనిచో సభ్యుల నమ్మకము నిలువదు. నమ్మకము లేని సంఘమునకు పంట తోలువారుండరు.

రెండు ఆక్షేపణలు

వాన మన చేతిలో లేదు, ధర మన చేతిలో లేదు. వ్రాసినంత మాత్రమున ఏమి యొరుగును అని కొందరందురు. ఆ రెండును మన చేతిలో లేవు గనుకనే, చేతిలోనున్న మూడవదానిని గట్టిగా పట్టుకొనవలెను. ధర పడిననాడు ఎంతకు అమ్మిన అసలు దక్కునో తెలిసిన రైతు దళారి ముందు ఒకరీతిగ మాటలాడును. తెలియని రైతు ఒకరీతిగ మాటలాడును.

వ్రాసినచో పన్ను పడునని మరికొందరి భయము. సేద్యపు ఆదాయమునకు కేంద్ర ఆదాయపు పన్ను లేదు. పాడి, కోళ్ళ పెంపకముల ఆదాయము మాత్రము సేద్యపు ఆదాయము క్రిందికి రాదు. అది హద్దు దాటినచో పన్ను వర్తించును. ఇది నిజము, దాచవలసిన పనిలేదు. కాని పన్ను పడునది నికర ఆదాయముపై. దాణాకు, జీతమునకు, వడ్డీకి, పశువుల నష్టమునకు రశీదులు లేనివారు తమ ఖర్చును ఋజువు చేయజాలరు. బ్యాంకుకును చూపజాలరు. అట్టివారికి మిగులు త్రోవ ఊరి వడ్డీయే. పద్దు లేకపోవుటవలన పోవునది, పన్నువలన పోవుదానికంటె పెక్కురెట్లు.

గ్రామాధికారులకు మనవి

గ్రామములలో పనిచేయు వ్యవసాయ సహాయకులకును, విస్తరణాధికారులకును, సహకార సంఘ కార్యదర్శులకును ఒక మనవి. పథకములకు దరఖాస్తు వ్రాయించునప్పుడు పాసు పుస్తకము, ఆధారు కార్డు అడుగుచున్నారు. వానితోపాటు ఆరు నెలల కిర్దిని కూడ అడుగుడు. లేనివారిని త్రిప్పిపంపవలదు, ఒక పుస్తకమిచ్చి, వ్రాయుట నేర్పి, ఆరు నెలల తరువాత రమ్మనుడు. కౌలురైతునకు భూమి పత్రము లేకపోవచ్చును. పద్దు పుస్తకము మాత్రము ఉండవచ్చును. అతని నిజాయితీకి అంతకన్న మంచి సాక్ష్యము వేరొకటి లేదు. ఆరు నెలలు జాగు చేసినందుకు లక్ష్యము అందలేదని పై అధికారులు కోపింపవచ్చును. కాని ఐదేండ్ల అప్పు మోయవలసిన కుటుంబమునకు ఆరు నెలల జాగు నష్టము కాదు.

రైతు సోదరులారా, విత్తనము వేయక పూర్వము మొలకశాతము చూచుకొందురు. గేదెను కొనక పూర్వము పండ్లు పట్టి చూతురు. అప్పునకు కూడ అట్టి పరీక్ష ఒకటి కలదు. అది మీ పుస్తకములోనే యున్నది. రేపటి జమను, రేపటి ఖర్చును రేపు రాత్రియే వ్రాయుడు. ఒక నెల తరువాత మొత్తము వేసి చూడుడు. ఆ మొత్తము పెరుగుమని చెప్పినచో ధైర్యముగా పెరుగుడు. ఆగుమని చెప్పినచో ఆగుడు.